మంచం పట్టిన మనిషి ఏ శాఖ పద్దు?

రెండు తెలుగు రాష్ట్రాల్లో ఏ పార్టీ నాయకుణ్ణి అడిగినా, ఏ అధికారిని కదిలించినా, రచ్చబండ దగ్గర పేపరు చదువుకునే రిటైర్డు మాస్టారిని పలకరించినా ఒకటే మాట వస్తుంది. జబ్బు చేస్తే ఆరోగ్యశ్రీ ఉంది. ముసలితనానికీ వైకల్యానికీ పింఛను ఉంది. చాకిరీ అంటారా, అందుకు ఇంట్లో మనుషులున్నారు. ప్రభుత్వం ఇంతకు మించి ఏం చేస్తుంది, అసలెందుకు చెయ్యాలి?

ఈ మాట ఎంతగా నాటుకుపోయిందంటే, ఎన్నికల్లో పోటీ అంతా అంకెల మీదే నడుస్తోంది. వైద్యానికి ఒకరు 5 లక్షలంటే ఇంకొకరు 10 లక్షలంటారు, మరొకరు 25 లక్షల దాకా వెళతారు. పింఛను ఒకరు 2 వేలంటే ఇంకొకరు 4 వేలంటారు. ఈ రెండు అంకెలూ పెరిగితే పేదవాడి ఆరోగ్యం బాగుపడినట్టేనని అందరం ఒప్పేసుకున్నాం. నేను ఒప్పుకోను. ఈ రెండు అంకెల మధ్య ఒక మనిషి ఉన్నాడు. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చి, మంచం మీద నుంచి లేవలేని మనిషి. వైద్యశాఖ లెక్కలో అతని కేసు ముగిసింది. సంక్షేమం లెక్కలో అతనికి డబ్బు అందింది. ఎవరి రిజిస్టరులోనూ తప్పు లేదు. ఆ మనిషి మాత్రం నడుం కింద పుండ్లు పడి, జ్వరమొచ్చి, ఇంట్లోనే పోతున్నాడు.

ఆరోగ్యశ్రీని తక్కువ చేయడానికి ఇది రాయడం లేదు. 2007 ఏప్రిల్‌లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో అది మొదలు కాక ముందు గుండె ఆపరేషనంటే ఎకరమో అరెకరమో అమ్ముకోవడమే. అంతకు రెండేళ్ల ముందు, 2005 ఆగస్టు 15న 108 రోడ్డెక్కే దాకా పల్లెలో పాము కరిచినా, కాన్పు అడ్డం తిరిగినా ఎడ్లబండో ఆటోనో దిక్కు. ఈ రెండూ లక్షల ప్రాణాలు నిలబెట్టాయి. 2018లో ఆయుష్మాన్ భారత్ వచ్చింది. 2024 అక్టోబరు నుంచి 70 ఏళ్లు దాటిన వాళ్లందరికీ, ఆదాయంతో పని లేకుండా, ఏడాదికి 5 లక్షల దాకా వైద్యం అన్నారు. మంచిదే. అయితే ఈ పథకాలన్నిటికీ ఒకటే ఎల్ల. ఆసుపత్రిలో చేరిన రోజు నుంచి డిశ్చార్జి రోజు దాకా. కొన్ని జబ్బులకు తర్వాత కూడా మందులూ పరీక్షలూ ఇస్తారు, నిజమే. కానీ అందుకు రోగి మళ్లీ ఆసుపత్రికి రావాలి. రాలేని మనిషి సంగతి ఏ ప్యాకేజీలోనూ లేదు.

డిశ్చార్జి రోజున ఏం జరుగుతుందో దగ్గరగా చూడండి. పక్షవాతం వచ్చి కుడి కాలూ చెయ్యీ పడిపోయిన అరవై ఐదేళ్ల మనిషి. ప్రాణం దక్కింది. ముక్కులో గొట్టం, మూత్రానికి పైపు. భార్య చేతికి ఒక ఫైలు ఇస్తారు, అందులో ఉన్నదంతా ఇంగ్లిషు. నర్సు హడావిడిలో ఉంది, పక్క మంచం దగ్గర ఎవరో పిలుస్తున్నారు. ‘‘అమ్మా, రెండు గంటలకోసారి పక్కకి తిప్పుతూ ఉండండి. గొట్టంలో జావ పోసేటప్పుడు తల ఎత్తులో ఉండాలి, పోశాక కూడా అరగంట పడుకోబెట్టకండి. పైపు మార్పించుకోండి. చేతికీ కాలికీ ఎక్సర్‌సైజులు చేయించండి.’’ ఆమె ‘‘సరేనండి’’ అంటుంది. ఇంకేమంటుంది?

ఇంటికి వచ్చాక, ఆ నాలుగు వాక్యాలే ఆమె బతుకైపోతాయి. రెండు గంటలకోసారి అంటే రాత్రి పన్నెండుకీ రెండుకీ నాలుగుకీ లేవాలి. ఆమెకూ అరవై దాటాయి, మోకాళ్ల నొప్పులు. తనకంటే బరువైన మనిషిని ఒక్కతే పక్కకు తిప్పాలంటే ఎక్కడ పట్టుకోవాలో, దుప్పటిని ఎలా వాడుకోవాలో ఎవరూ చేసి చూపించలేదు. వారం తిరిగేసరికి నడుం కింద, సరిగ్గా ఎముక ఉబ్బెత్తుగా ఉన్నచోట, రూపాయి బిళ్లంత ఎర్రటి మచ్చ పడుతుంది. వేలితో నొక్కి వదిలితే తెల్లబడకుండా ఎర్రగానే ఉండిపోతుంది. అదే హెచ్చరిక. ఆ రోజు ఒక నర్సు వచ్చి చూసి ఉంటే, ఎయిర్ బెడ్డు వేయించి, తిప్పడం నేర్పి ఉంటే, ఆ మచ్చ అక్కడే ఆగేది. ఎవరూ రారు. తోలు ఊడుతుంది. ఊళ్లో ఆర్‌ఎంపీ వచ్చి పౌడరు చల్లి, దూది పెట్టి, ఇంజక్షను చేసి పోతాడు. వాసన మొదలవుతుంది. చూడవచ్చే చుట్టాలు గుమ్మం దగ్గరే ఆగిపోతారు. పుండు ఎముక దాకా వెళ్తుంది. అప్పుడు మళ్లీ 108, మళ్లీ ఆసుపత్రి, మళ్లీ ప్యాకేజీ. దానికి మాత్రం ప్రభుత్వం డబ్బు కడుతుంది.

‘ఖజానాలో డబ్బు లేదు, ఇంటింటికీ నర్సును పంపడం ఎలా కుదురుతుంది’ అనే వాళ్లకు నా జవాబు ఇక్కడే ఉంది. మచ్చ పడిన నాడు చూసే నర్సుకు డబ్బు లేదంటున్న ప్రభుత్వమే, ఆ మచ్చ పుండై, కుళ్లి, రక్తమంతా విషమయ్యాక ఐసీయూకు డబ్బు కడుతోంది. బకాయిలు పేరుకుపోయి నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపేస్తామని హెచ్చరించడం రెండు రాష్ట్రాల్లోనూ మామూలైపోయింది. ఆ బిల్లుల్లో ఇంటి దగ్గర చూసుకుంటే అసలు రావలసిన అవసరమే లేని కేసులు ఎన్నో తేల్చాలని ఎవరైనా అడిగారా? గాజుగుడ్డ, సెలైన్ నీళ్లు, మూత్రం పైపు, నర్సు స్కూటరుకు పెట్రోలు. వీటి ఖర్చును ఐసీయూ ఖర్చు పక్కన పెట్టి ఎవరైనా చూశారా? చూడరు. ఎందుకంటే ఒకటి ఆరోగ్య ట్రస్టు ఖాతా, ఇంకొకటి ఎవరి ఖాతా కాదు.

శాఖల సంగతి చెప్పాలి, అసలు చిక్కు అక్కడే ఉంది కనుక. ఆపరేషను డబ్బులు కట్టేది ఆరోగ్య ట్రస్టు. పల్లెలో ఏఎన్‌ఎం పని చేసేది ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పీహెచ్‌సీ) కింద. ఆశా కార్యకర్త జాతీయ ఆరోగ్య మిషను మనిషి. పింఛను చూసేది గ్రామీణాభివృద్ధి శాఖ కింద ఉన్న సెర్ప్. ఆ పింఛనుకు కావలసిన సదరం సర్టిఫికెట్ ఇచ్చేది ప్రభుత్వాసుపత్రిలో కూర్చునే మెడికల్ బోర్డు. చక్రాల కుర్చీ కావాలంటే దివ్యాంగుల సంక్షేమ శాఖకు దరఖాస్తు పెట్టుకోవాలి. ఇన్ని చోట్ల ఒకే మనిషి పేరు ఉంటుంది. ఆ మనిషి ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాడన్న కబురు మాత్రం ఇందులో ఎవరికీ అందదు. ఏఎన్‌ఎంకు తెలిస్తే వీధిలో ఎవరో చెప్పుకుంటుంటే తెలియాలి. సదరం బోర్డులో కూర్చున్న డాక్టరు ఆ మనిషికి ఎంత శాతం వైకల్యమో రాస్తాడు. ఫిజియోథెరపీ చేయిస్తే ఆ శాతం తగ్గుతుందని ఆయనకు తెలుసు, కానీ ఆ కాగితంలో ఆ మాట రాయడానికి గడి లేదు.

ఇప్పుడు ‘ఇంట్లో మనుషులున్నారు కదా’ అనే వాదనకు వద్దాం. ఇది వినడానికి గౌరవంగా ఉంటుంది. తల్లిదండ్రులను చూసుకోవడం మన ధర్మమనీ, దాన్ని ప్రభుత్వానికి అప్పగిస్తే కుటుంబాలు చెడిపోతాయనీ అంటారు. ఈ ధర్మం పేరుతో పని చేస్తున్నదెవరో ఒక్కసారి ఇళ్లలోకి వెళ్లి చూడండి. భార్య. కోడలు. పెళ్లి కాని కూతురో, భర్త వదిలేసిన కూతురో. గుడ్డలు మార్చేదీ, జావ పోసేదీ, రాత్రిళ్లు లేచేదీ వాళ్లే. అందుకోసం కూలికి పోవడం మానేసేదీ, ఉపాధి హామీ పని వదులుకునేదీ వాళ్లే. కొడుకు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో డల్లాస్‌లోనో ఉంటాడు, నెలనెలా డబ్బు పంపుతాడు, రాత్రి వీడియో కాల్ చేస్తాడు. అతణ్ణి తప్పు పట్టడం లేదు; అతను పంపే డబ్బుతోనే ఇల్లు నడుస్తోంది. కానీ వీడియో కాల్లో మనిషిని పక్కకు తిప్పలేం. ‘కుటుంబం చూసుకుంటుంది’ అని సభల్లో చెప్పేవాళ్లు, నిజానికి ఒక ఆడమనిషి జీతం లేకుండా, సెలవు లేకుండా, నేర్పేవాళ్లు లేకుండా చూసుకుంటుందని చెబుతున్నారు. ఆ మాటే సూటిగా అనమనండి, అప్పుడు చర్చిద్దాం.

చట్టం కూడా ఈ భ్రమ మీదే నిలబడింది. 2007లో తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం వచ్చింది. పిల్లలు పట్టించుకోకపోతే ట్రిబ్యునల్‌కు వెళ్లొచ్చు, నెలకు 10 వేల రూపాయల దాకా భరణం ఇప్పించవచ్చు. ఆస్తి రాయించుకుని గెంటేసిన కొడుకుల మీద ఆ చట్టం అవసరమే. కానీ లేవలేని మనిషి ఆర్డీవో ఆఫీసుకు ఎలా వెళ్తాడు? వెళ్లి గెలిచినా వచ్చేది డబ్బు. పుండు కడగమని ఏ ట్రిబ్యునలూ ఆదేశించలేదు. దానికి చెయ్యి తిరిగిన మనిషి కావాలి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఇంతకంటే ముందుకు వెళ్లి, ఎక్కువ ఆసరా అవసరమైన వాళ్లకు సంరక్షకుల భత్యం గురించి 24వ సెక్షన్‌లో రాసింది. చూసుకునే మనిషి ఉన్నారనీ, ఆ పనికి విలువ ఉందనీ మన చట్టాలు ఒప్పుకున్న అరుదైన చోటు అది. మన రాజకీయ సభల్లో ఆ సెక్షను పేరెత్తిన వాళ్లు కనపడరు.

ఇంకో వాదన ఈమధ్య బలపడింది. పిల్లలు తగ్గిపోతున్నారు కాబట్టి ముసలివాళ్లను చూసేవాళ్లు ఉండరు, కాబట్టి ఎక్కువ మందిని కనండి అని. 2024 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ఈ మాటన్నారు. ఆ వెంటనే ఇద్దరికి మించి పిల్లలున్నవాళ్లు స్థానిక ఎన్నికల్లో పోటీ చేయకూడదన్న నిబంధన కూడా తీసేశారు. సమస్యను గుర్తించినందుకు ఆయన్ను మెచ్చుకోవాలి. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఒక్కో మహిళకు సగటున పిల్లలు ఆంధ్రలో 1.7, తెలంగాణలో 1.8. జనం వయసు మీరుతున్న మాట వాస్తవం. కానీ ఈ మందు ఈ జబ్బుకు పనిచేయదు. ఈ ఏడాది పుట్టిన బిడ్డ చేతికి అందొచ్చేసరికి ఇరవై ఏళ్లు పడుతుంది. ఇవాళ మంచం మీద ఉన్న మనిషికి ఇరవై ఏళ్లు లేవు. పైగా ఆరుగురు పిల్లలున్న ఇళ్లలో కూడా ముసలితల్లిని నెలకొకరు చొప్పున వంతులు వేసుకుని బస్సులో తిప్పడం మన ఊళ్లలో ఎవరికి తెలియదు? పిల్లల సంఖ్య చూసుకునే మనిషిని పుట్టించదు.

డబ్బు చేతికిస్తే చాలు, ఎవరికి కావలసింది వాళ్లు కొనుక్కుంటారు అనే వాదన వీటన్నిటికంటే గట్టిది; చదువుకున్నవాళ్లు ఎక్కువగా నమ్మేది కూడా ఇదే. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి వృద్ధులకూ వితంతువులకూ నెలకు 4 వేలు, దివ్యాంగులకు 6 వేలు, పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైన వాళ్లకు 15 వేలు చేశారు. తెలంగాణలో వృద్ధులకు 2,016, దివ్యాంగులకు 4,016. 15 వేలన్నది ఘనమైన నిర్ణయమనే అంటాను; దేశంలో కొన్ని రాష్ట్రాలు పింఛనంటే వందల్లో లెక్కపెడుతున్నప్పుడు ఆ మొత్తం ఇవ్వడానికి మనసుండాలి. కానీ ఆ 15 వేలు పట్టుకుని ఒక తల్లి మార్కాపురం దగ్గర పల్లెలోనో, పాడేరు ఏజెన్సీలోనో ఏం కొనాలి? నగరంలో హోమ్ నర్సింగ్ ఏజెన్సీలు దొరుకుతాయి. పల్లెలో పైపు మార్చే నర్సు ఏ దుకాణంలో దొరుకుతుంది? ఫిజియోథెరపిస్టు ఏ వీధిలో ఉంటాడు? అమ్మేవాడే లేని చోట కొనమని డబ్బిస్తే అది ఆటోలకూ ఆర్‌ఎంపీకీ మందుల షాపుకూ పోతుంది. ఇందులో ఆ తల్లి తప్పేమీ లేదు.

అన్నిటికంటే నన్ను కదిలించింది 2025 జనవరిలో జరిగింది. 15 వేల పింఛను తీసుకుంటున్న వాళ్లలో అనర్హులున్నారని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తనిఖీలు మొదలుపెట్టింది. మంచం మీద ఉన్నవాళ్లు ఆసుపత్రికి రాలేరు కాబట్టి డాక్టర్ల బృందాలను వాళ్ల ఇళ్లకే పంపింది. ఎముకల డాక్టరు, జనరల్ డాక్టరు, సిబ్బంది కలిసి ఊరూరా తిరిగి, ఇల్లిల్లూ వెతుక్కుంటూ వెళ్లి, మంచం పక్కన నిలబడి మనిషిని పరీక్షించి, వివరాలు యాప్‌లో ఎక్కించారు. దొంగ సర్టిఫికెట్లు పట్టుకోవడాన్ని నేను తప్పు పట్టను; ప్రజల డబ్బు అది. కానీ ఏం రుజువైందో గమనించండి. ఇన్నాళ్లూ అసాధ్యమన్న పని సాధ్యమేనని ప్రభుత్వమే రుజువు చేసింది. మంచాన పడ్డ ప్రతి మనిషి చిరునామా దాని దగ్గర ఉంది. బండి ఉంది. వెళ్లడానికి డాక్టరున్నాడు. గుమ్మం దాకా వెళ్లింది. ఆ మనిషిని పక్కకు తిప్పి చూసింది. లేవగలడా లేదా అన్నది తేల్చుకుని తిరిగి వచ్చేసింది. ఆ బృందానికి ఇచ్చిన పని అంతే. పుండుకు కట్టు కట్టే పనీ, చూసుకునే ఆమెకు రెండు మెళకువలు నేర్పే పనీ, ‘ఈ మనిషికి నర్సు కావాలి’ అని రాసి పీహెచ్‌సీకి పంపే పనీ దానికి అప్పగించలేదు. తనిఖీకి కలిసిన శాఖలు వైద్యానికి కలవలేదు. అదే ఏడాది వేలాది మంది దివ్యాంగులకు నోటీసులు వెళ్లాయి, మళ్లీ పరీక్షకు రమ్మన్నారు. కదలలేని తమ్ముణ్ణి వీపు మీద మోసుకుని క్యాంపుకు తెచ్చే అన్నను ఆ క్యాంపులో ఎవరైనా ‘రోజూ ఇతన్ని ఎవరు చూసుకుంటున్నారు?’ అని అడగాలా వద్దా?

ఇంటికి వెళ్లి చూడాలన్న ఆలోచన అసలే లేదని అనను. 2023 ఏప్రిల్‌లో అప్పటి ప్రభుత్వం పల్నాడు జిల్లా లింగంగుంట్లలో ఫ్యామిలీ డాక్టర్ కార్యక్రమం మొదలుపెట్టింది. 104 వాహనంతో పాటు డాక్టరు నెలకు రెండుసార్లు ఊరికి రావాలి, మధ్యాహ్నం మంచం మీద ఉన్నవాళ్ల ఇళ్లకు వెళ్లాలి. ఉద్దేశం మంచిది. కానీ అది డాక్టరు చుట్టూ అల్లిన ఏర్పాటు. పదిహేను రోజులకోసారి వచ్చే డాక్టరు రక్తపోటు చూసి మాత్రలు మార్చగలడు. పుండుకు పదిహేను రోజుల గడువు ఉండదు. కావలసింది వారానికి రెండుసార్లు వచ్చే నర్సు, అవసరమైతే ఫోనెత్తే డాక్టరు. 2019 డిసెంబరులో మొదలైన ఆరోగ్య ఆసరా అయితే ఇంకాస్త ముందుకు వెళ్లింది. ఆపరేషనయ్యాక కూలికి పోలేని వాళ్లకు రోజుకు 225 రూపాయల చొప్పున, నెలకు 5 వేల దాకా, డిశ్చార్జయిన 48 గంటల్లో బ్యాంకు ఖాతాలో వెయ్యాలన్నది ఆ పథకం. జబ్బూ బతుకుతెరువూ వేరు కాదని ఒప్పుకున్న అరుదైన పథకం అది. దాంట్లోనే నా ప్రశ్న కూడా ఉంది. ఎవరు, ఎప్పుడు, ఏ జబ్బుతో డిశ్చార్జయ్యారో బ్యాంకుకు 48 గంటల్లో తెలియగలిగితే, అదే ఊళ్లో గ్రామ సచివాలయంలో ఉన్న ఏఎన్‌ఎంకు ఎందుకు తెలియదు?

‘అన్నీ ఆన్‌లైన్ అవుతున్నాయి, 14 అంకెల ఆభా నంబరు వచ్చేసింది, రికార్డులన్నీ ఒకచోట చేరితే అవే కలిసిపోతాయి’ అని ఐటీ తెలిసిన మిత్రులు భరోసా ఇస్తారు. రికార్డు కలిస్తే మంచిదే. కానీ 2025 జనవరి తనిఖీల్లో సమాచారం లోటేమీ లేదు. లోటు ఎవరు వెళ్లాలి, వెళ్లి ఏం చెయ్యాలి, చెయ్యకపోతే ఎవరిని అడగాలి అన్నదాంట్లో ఉంది. దాన్ని సర్వరు తేల్చదు, ప్రభుత్వ ఉత్తర్వు తేల్చాలి.

శాఖలను విలీనం చేస్తే సరిపోతుందని కూడా నేననడం లేదు. బ్రిటన్ అనుభవం చూడండి. 1948 జూలై 5న అక్కడ రెండు చట్టాలు ఒకేరోజు అమల్లోకి వచ్చాయి. ఒకటి వైద్యాన్ని అందరికీ ఉచితం చేసింది. రెండోది వృద్ధుల, వికలాంగుల ఆలనాపాలనను స్థానిక కౌన్సిళ్లకు వదిలింది. అక్కడ ఆస్తీ ఆదాయమూ చూసి గానీ సాయం చేయరు. ఆ రోజు గీసిన గీతను చెరపడానికి ఇంగ్లండు ఇప్పటికీ తంటాలు పడుతోంది. 2022 చట్టంతో 42 సమీకృత వ్యవస్థలు పెట్టుకుంది. ఉత్తర ఐర్లండ్‌లో 1973 నుంచే రెండూ ఒకే గొడుగు కింద ఉన్నాయి, అయినా అక్కడి వెయిటింగ్ లిస్టులు బ్రిటన్ మొత్తంలో అధ్వానం. బోర్డు మార్చినంత మాత్రాన నర్సు పుట్టుకురాదు. అయితే వాళ్లకూ మనకూ ఒక తేడా ఉంది. అక్కడ ఇంటి దగ్గర చూసేవాళ్లు లేకపోతే రోగిని డిశ్చార్జి చేయడం ఆగిపోతుంది, ఆసుపత్రి మంచాలు నిండిపోతాయి, పార్లమెంటులో గొడవవుతుంది. ఇక్కడ చూసేవాళ్లున్నారా అని అడక్కుండానే పంపించేస్తాం. అందుకే మన లోటు ఏ లెక్కలోకీ రాదు.

మరి ఎవరైనా చేసి చూపించారా అంటే, చూపించారు, పక్కనే కేరళలో. 1993లో కాలికట్ మెడికల్ కాలేజీ దగ్గర డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్, డాక్టర్ సురేశ్ కుమార్ తదితరులు నొప్పి నివారణకు ఒక సొసైటీ పెట్టారు. నయం కాని జబ్బున్న మనిషిని ఆసుపత్రికి రప్పించడం కన్నా ఆసుపత్రే ఇంటికి వెళ్లాలన్నది వాళ్లు నేర్చుకున్న పాఠం. మలప్పురం జిల్లాలో ఊళ్లవాళ్లే వాలంటీర్లయ్యారు. 2008లో కేరళ దీన్ని ప్రభుత్వ విధానం చేసింది, దేశంలో ఆ పని చేసిన మొదటి రాష్ట్రం అదే. అసలు కీలకం పంచాయతీ. ఇంటింటికీ తిరిగే నర్సుకు డబ్బు స్థానిక సంస్థ ఇస్తుంది, వైద్యం పీహెచ్‌సీ చూస్తుంది, బియ్యం లేని ఇంటికి బియ్యం, పిల్లల ఫీజు కట్టలేని ఇంటికి ఫీజు ఊరివాళ్లు సమకూరుస్తారు. చూసుకునే మనిషికి ఆశ్వాసకిరణం పేరుతో నెలకు 600 రూపాయలు కూడా పెట్టారు. అది చాలా తక్కువ, పైగా సకాలంలో అందదన్న విమర్శలూ ఉన్నాయి. అయినా చూసుకునే మనిషి అనే ఒక వ్యక్తి ఉన్నారని ఆ ప్రభుత్వం ఖాతా పుస్తకంలో రాసుకుంది.

కేరళ మాట ఎత్తితే ‘అక్కడి జనం వేరు, చదువు వేరు’ అని కొట్టిపారేస్తారు. అందుకే తెలంగాణ గురించి చెప్పాలి. హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో ఏళ్ల తరబడి పని చేసిన ప్యాలియేటివ్ (బాధ తగ్గించే) వైద్యుల అనుభవాన్ని పునాది చేసుకుని, చేవెళ్లతో మొదలుపెట్టి జిల్లాల్లో ప్యాలియేటివ్ కేంద్రాలు తెరిచారు. ‘ఆలన’ పేరుతో వాహనాలు పెట్టారు. అందులో నర్సులు పల్లెలకు వెళ్లి, క్యాన్సర్ చివరి దశలో ఉన్నవాళ్లకూ పక్షవాతం రోగులకూ ఇంట్లోనే పుండు కడిగి, పైపు మార్చి, ఇంటివాళ్లకు నేర్పి వస్తారు. నొప్పికి మార్ఫిన్ ఇస్తారు. ఆ మందు దొరక్క క్యాన్సర్ రోగులు కేకలు పెడుతూ చనిపోవడం మన దేశంలో చాలా చోట్ల ఇప్పటికీ ఉంది. ఇదంతా తెలుగు నేల మీద, తెలుగు నర్సులు, ప్రభుత్వ జీతంతో చేశారు. కాబట్టి ‘మన దగ్గర కుదరదు’ అనే మాట ఇక చెల్లదు. అడగాల్సింది ఇంకొకటి. జిల్లాకో బండి ఎందుకు, మండలానికొకటి ఎందుకు కాదు? రాయలసీమలో, ఉత్తరాంధ్రలో ఎందుకు లేదు?

ఉద్దానం కూడా ఇదే చెబుతుంది. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు వైపు కిడ్నీ జబ్బు ఊళ్లకు ఊళ్లను తినేస్తుంటే, జనం ఏళ్ల తరబడి గొంతు చించుకున్నాక, ప్రభుత్వాలు దారికొచ్చాయి. డయాలసిస్ కేంద్రాలు వచ్చాయి, రోగులకు ప్రత్యేక పింఛను వచ్చింది, హిరమండలం రిజర్వాయరు నుంచి తాగునీళ్లు తెచ్చారు, 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి ప్రారంభించారు. జబ్బు ఒకటే అయినా దానికి నీళ్లూ, డబ్బూ, వైద్యమూ మూడూ కావాలని అక్కడ గుర్తించక తప్పలేదు. జీడితోటలో పనిచేసే భర్తకు వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్ అంటే, అన్నిసార్లు భార్య కూలి కూడా పోతుంది. మంచం మీద నాలుగు గంటలు, రానూపోనూ ఇంకో రెండు మూడు గంటలు, ఇంటికొచ్చాక నీరసంతో పడుకునే మనిషికి వండి పెట్టడం. భార్య మోసే ఆ సగం ఇంకా ఎవరి లెక్కలోకీ రాలేదు. అయినా అక్కడ గొడవ చేసిన జనం కొంత సాధించారు. మంచం పట్టిన వాళ్లు ఒకచోట గుంపుగా ఉండరు, ఊరికి నలుగురైదుగురు చొప్పున చెల్లాచెదురుగా ఉంటారు, ధర్నాకు రాలేరు. వాళ్ల గురించి రాయడానికి నాకు అదొక్కటే కారణం చాలు.

ఈ వాదనలన్నిటిలో నేను తలవంచి వినేది ఒకటుంది, అది ఏఎన్‌ఎంలూ ఆశాలూ అనేది. ‘మా నెత్తిన ఇప్పటికే టీకాలు, గర్భిణుల నమోదు, బీపీ షుగరు సర్వేలు, పది యాప్‌లు ఉన్నాయి; ఇది కూడా మాకే కట్టబెడతారా?’ అని. వాళ్లు అనేది అక్షరాలా నిజం. ఆంధ్రలో ఆశాలకు 2019లో నెలకు 10 వేలు చేశారు. ఆ డబ్బుకు ఇంకో పని మొయ్యమనడం అన్యాయం. అందుకే ఇది ఉన్నవాళ్ల మీద రుద్దే పని కాదు. ప్రతి పీహెచ్‌సీకి ఇళ్లకు వెళ్లడానికే ఒక నర్సు, ఆమెకు ఒక బండి, మండలానికి ఒక ఫిజియోథెరపిస్టు. నర్సింగ్ చదివి ప్రైవేటు ఆసుపత్రుల్లో చాలీచాలని జీతాలకు పనిచేస్తున్న అమ్మాయిలు ప్రతి జిల్లాలో ఉన్నారు. ఏఎన్‌ఎం చెయ్యవలసింది కబురందుకుని నర్సుకు చెప్పడం. సచివాలయంలో సంక్షేమ సహాయకుడు చెయ్యవలసింది పింఛను, చక్రాల కుర్చీ, సదరం కాగితాలు ఆ ఇంటికి తెచ్చివ్వడం. 2019 అక్టోబరు 2 నుంచి ఈ ఇద్దరూ ఒకే సచివాలయం మనుషులు. కానీ ఇద్దరూ వేర్వేరు అధికారులకు జవాబుదారీ, ఇద్దరికీ కలిపి ఒక్క రోగి పేరు కూడా ఎవరూ అప్పగించలేదు.

అప్పగించండి. పూర్తిగా మంచానికి పరిమితమైన వాళ్ల జాబితా తనిఖీ కోసం ఇప్పటికే తయారైంది. దాన్నే వైద్యం జాబితా చెయ్యండి. ఒక్కో పేరు ఎదుట ఒక నర్సు పేరు, ఆమె ఫోను నంబరు రాసి ఆ ఇంటి గోడకు అంటించండి. ఆసుపత్రి డిశ్చార్జి బిల్లు ట్రస్టుకు పంపే ముందు రోగి సొంత ఊరి పీహెచ్‌సీకి కబురు వెళ్లిందా అన్న గడి నింపితే గానీ డబ్బు విడుదల కాకూడదని నిబంధన పెట్టండి; అప్పుడు ఏ ఆసుపత్రీ మరిచిపోదు. తెలంగాణలో ఆలన బండి ఏ మండలానికి ఎన్నిసార్లు వెళ్లిందో మండల సమావేశంలో చదివి వినిపించండి. ఆంధ్రలో ప్రతి నెలా 1వ తేదీ పొద్దున్నే సచివాలయం ఉద్యోగి 15 వేలు పట్టుకుని ఆ గుమ్మం ముందు నిలబడుతున్నాడు. అతని వెంట నర్సును కూడా పంపండి. ఆమె లోపలికి వెళ్లి, మనిషిని పక్కకు తిప్పి, నడుం కింద చూసి రావాలి. అందుకు కొత్త చట్టం అక్కర్లేదు, వచ్చే నెల 1 నుంచే మొదలుపెట్టవచ్చు.